మాట అందించేవాళ్లు

పోనీ, ఆ మౌనం నాకు బడిలో అబ్బిందా, పుట్టుకతోనే ఉందా అన్నది తేలినా బాగుండేది. అది తేలితే మా అమ్మాయి ఒడెట్‌ని ఆ బడికి పంపాలో వద్దో కూడా తేలిపోయేది. ఆ ఏడు చలికాలం చివర, నీళ్ల ప్లాంటులో మీటర్ల ముందు కూర్చుని నేను ఇదే తిప్పి తిప్పి ఆలోచిస్తూ ఉండేవాణ్ని. సరస్సు నుంచి వచ్చిన నీళ్లు నా కిటికీ కింద పెద్ద పెద్ద తొట్లలో ఆగుతాయి. కదలకుండా ఉంటేనే మట్టి అడుక్కి దిగుతుంది, నీరు తేరుకుంటుంది. అలాగని మరీ ఎక్కువసేపు ఆపినా వాసన వేస్తుంది. ఎంతసేపు ఆపాలో నీళ్ల విషయంలో నాకు తెలుసు. మనుషుల విషయంలో తెలియదు.

ఆ ఎర్రిటుకల కేథలిక్ బడిలోనే నేనూ చదువుకున్నాను. మా అమ్మ బాప్టిస్టు, నాన్న ఏ గుడికీ వెళ్లనివాడు. అయినా మా పేటలో పిల్లవాడు బాగుపడాలంటే ఆ బడే అనుకునేవాళ్లు. “మీ రోలండ్ ఉన్నప్పుడు క్లాసులో గడియారం చప్పుడు వినిపిస్తుందమ్మా” అని సిస్టర్ ఫిలోమినా ఒకసారి మా అమ్మతో అంది. అమ్మ ఆ మాట వీధంతా చెప్పుకుంది. నేనూ దాన్ని చాలా ఏళ్లు పతకంలా గుండె మీద పెట్టుకుని తిరిగాను. ఇప్పుడు ప్లాంటులో నాతో పనిచేసేవాళ్లు, “రోలండ్ లోపలున్నాడా? లైటు వేసి చూడండి” అని నవ్వుతారు.

ఒడెట్‌కి ఏడేళ్లు. దాని సంగతి పూర్తిగా వేరు.

“తల తిప్పకే!”

“నేను తిప్పట్లేదమ్మా, అదే తిరుగుతోంది.”

శనివారం పొద్దున్న వంటింట్లో, మా ఆవిడ షెరీస్ కుర్చీలో కూర్చుని, ఒడెట్‌ని మోకాళ్ల మధ్య కుదేసి జడలు అల్లుతోంది. పక్కనే మా అత్తగారు లూవీనియా మర్నాటికి తన తెల్ల గౌనూ, తెల్ల చేతి తొడుగులూ ఇస్త్రీ చేసుకుంటోంది. ఆవిడ మా చర్చిలో, వచ్చినవాళ్లకి చోటు చూపించే అషర్ల పెద్ద. గుమ్మం దగ్గర ఒక చెయ్యి నడుం వెనక పెట్టుకుని నిలబడి, రెండో చేతి వేళ్లతోనే ఎవరు ఎక్కడ కూర్చోవాలో చెబుతుంది. నోరు విప్పదు. ఆ రెండు గంటలు విప్పని నోరు మిగిలిన వారమంతా మూయదు.

“ఇప్పుడు ఇది వెళ్లే బడి మూసేస్తారన్నది ఖాయమట,” అంది షెరీస్. “వేసవి తర్వాత మన పిల్లల్ని రైలు పట్టాలకి అవతల ఉన్న బడిలో కలిపేస్తారు. ఒక్కో క్లాసులో నలభై మంది. దీనికి అక్కడ ‘నోరుముయ్’ అనడం తప్ప టీచరుకి ఇంకేం తోస్తుంది?”

“నేను పన్నెండు వరకూ చదవగలను, టీచరుకి చెబుతా,” అంది ఒడెట్.

“పన్నెండు ఏంటే?”

“పన్నెండో క్లాసు పుస్తకం.”

“చూడండి, మహాజ్ఞాని సొలొమోను రాజుగారు వచ్చారు.” అత్తగారు ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. “నేను బాప్టిస్టుగా పుట్టాను, బాప్టిస్టుగానే పోతాను. నీళ్లలో నిలువునా ముంచకుండా నెత్తి మీద నాలుగు చుక్కలు చల్లితే అది బాప్తిస్మం ఎలా అవుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కానీ కేథలిక్కులకి ఎప్పుడు నిలబడాలో, ఎప్పుడు కూర్చోవాలో తెలుసు. వెయ్యిమంది ఒక్కసారి లేస్తారు. వాళ్ల అషర్లకి పనే ఉండదు. పంపండి పిల్లని.”

ఇద్దరూ నా వైపు చూశారు. నేను కాఫీలో చక్కెర కలుపుతున్నాను. అప్పటికే కలిసిపోయిన చక్కెరని మళ్లీ కలిపాను.

“ఆ బడివాళ్లు బుధవారం రమ్మన్నారుగా. వెళ్లి చూస్తాం,” అన్నాను.

బుధవారం షెరీస్‌కి సెలవు దొరకలేదు. ఒడెట్‌ని నేనే తీసుకెళ్లాను. కొత్తగా చేరబోయే పిల్లలు ఆ రోజంతా క్లాసులో కూర్చుని, పొద్దున బడిపిల్లలతో పాటు పూజలో ఉండాలి. నేను చర్చిలో చివరి బెంచీలో కూర్చున్నాను. మైనం వాసన, మంచుకి తడిసిన ఉన్ని కోట్ల వాసన. ఏదీ మారలేదు. నా చేతులు వాటంతట అవే ఒళ్లో ఒకదాని మీద ఒకటి చేరాయి.

ఫాదర్ కీగన్ నా చిన్నప్పుడు పిల్లలతో బేస్‌బాల్ ఆడిన మనిషి. ఇప్పుడు ముసలివాడయ్యాడు. కిందటి శరత్కాలంలో పక్షవాతం వచ్చి, కాలూ చెయ్యీ తేరుకున్నా మాట పూర్తిగా తేరుకోలేదని విన్నాను. ప్రసంగం మొదలుపెట్టిన కాసేపటికి అది కళ్లారా చూశాను. తప్పిపోయిన కొడుకు కథ చెబుతున్నాడు. “తండ్రి... దూరం నుంచే...” అని ఆగిపోయాడు. నోరు తెరుచుకునే ఉంది, మాట రావడం లేదు. టీచర్లందరూ తలలు దించుకున్నారు. పిల్లలకీ అలవాటై ఉంటుంది, వాళ్లూ దించుకున్నారు. అంత పెద్ద చర్చిలో ఆ ఒక్క ముసలాయన తప్ప ఎవరి ముఖమూ పైకి లేదు.

“నిదానంగా చెప్పండి, రెవరెండ్!”

ఆ గొంతు నాకు తెలుసు.

“తొందరేం లేదు! ప్రభువా, ఆయనకి సాయం చెయ్యి!”

మా చర్చిలో బోధకుడు తడబడితే, గొంతు పూడుకుపోతే ఊరుకునేవాళ్లు ఎవరూ ఉండరు. ఈ బెంచీ నుంచి ఒకరు, ఆ బెంచీ నుంచి ఒకరు మాట అందిస్తారు, గోతిలో పడ్డవాడికి చెయ్యి అందించినట్టు. అలా అందించకపోవడమే మర్యాద తక్కువ. ఒడెట్ పాలు తాగే వయసు నుంచి అది వింటూ పెరిగింది. నేనూ వింటూనే పెరిగాను. కాకపోతే నేను ఎప్పుడూ అందించలేదు.

పిల్లలు ఒక్కసారి గొల్లున నవ్వారు. టీచరు వంగి ఒడెట్ భుజం మీద చెయ్యేసి, రెండో చేతి వేలు పెదవుల మీద పెట్టుకుంది. కోపంగా ఏం కాదు, ప్రేమగానే. ఫాదర్ కీగన్ ముఖం ఎర్రబడింది. కొడుకు ఇంటికి చేరకుండానే కథ ముగించి, కాగితం మడిచేశాడు. నేను నా బూట్ల వైపు చూస్తూ కూర్చున్నాను.

సాయంత్రం హెడ్‌మిస్ట్రెస్ మిసెస్ బతీస్త్ తన గదికి పిలిచింది. మాలాగే నల్లవాళ్లే, లూసియానా నుంచి వచ్చినవాళ్లు, తాతముత్తాతల నుంచి కేథలిక్కులు. మనిషి చాలా మంచిది, చేతిలో ఎప్పుడూ పిప్పరమెంట్లు.

“బంగారంలాంటి పిల్లండీ. నాలుగో తరగతి పుస్తకం గలగలా చదివేసింది. ఇంక పొద్దున చర్చిలో సంగతి అంటారా, అదేం పెద్ద విషయం కాదు. మా దగ్గర ముందు వినడం నేర్పుతాం. నేర్చుకుంటారు.” నన్ను చూసి నవ్వింది. “మీరు నేర్చుకోలేదూ?”

కారు దాకా వెళ్లే దారిలో ఒడెట్ గుంటల్లో కరిగిన మంచునీళ్లు తొక్కలేదు. ఎప్పుడూ తొక్కేది.

“నాన్నా, నేను తప్పు చేశానా?”

“తప్పేం కాదు. కానీ...”

“కానీ?”

“ఇక్కడ అలా అనరు.”

“మరి ఆయనకి మాట రాకపోతే ఎవరు అందిస్తారు?”

నేను కారు తీశాను.

తర్వాతి ఆదివారం మా చర్చిలో బోధకుడు రెవరెండ్ మేబ్రీ మంచి ఊపు మీద ఉన్నాడు. సంఘపెద్ద డీకన్ టాలివర్ ముందు బెంచీలోంచి “అదీ మాట!” అని కాలు నేలకేసి కొడుతున్నాడు. వెనకనుంచి ముసలమ్మలు “చెప్పు నాయనా, ఇంకా చెప్పు!” అంటున్నారు. ఒడెట్ నా పక్కన ఒళ్లో చేతులు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని కూర్చుంది. అది ఎవరి కూర్చోవడమో నాకు తెలుసు. అద్దంలో చూసుకున్నట్టు అనిపించి ముఖం తిప్పుకున్నాను.

బయటికొచ్చాక డీకన్ టాలివర్ దాని ముందు వంగాడు. “ఏం చిన్నమ్మా, ఇవాళ నీ రేడియో పలకలేదే? బ్యాటరీ అయిపోయిందా?”

“లేదండి. వింటున్నాను.”

అత్తగారు తొడుగులు తీస్తున్నదల్లా ఆగింది. “జ్వరమా దీనికి?” అని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

“అదే మంచిదిలే అమ్మా,” అంది షెరీస్. “ఒక్క రోజుకే ఎంత ఒద్దిక వచ్చిందో చూడు.” అన్నదల్లా తనే పిల్ల వైపు మళ్లీ చూసింది.

ఆ వారంలోనే ఒకరోజు నేను పని నుంచి వచ్చేసరికి ఒడెట్ తన బొమ్మల్ని మెట్ల మీద వరసగా కూర్చోబెట్టి బడి ఆట ఆడుతోంది. పాఠం ఏమీ లేదు. ఒక్కో బొమ్మ దగ్గరికీ వెళ్లి పెదవుల మీద వేలు పెట్టుకుని “ష్” అంటోంది. చివరి బొమ్మ దాకా వెళ్లి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతోంది. నేను కోటు విప్పకుండా తలుపు దగ్గరే చాలాసేపు నిలబడ్డాను.

భోజనాలయ్యాక షెరీస్ గిన్నెలు కడుగుతూ అంది, “మిసెస్ బతీస్త్ ఫోన్ చేసింది. సీటు ఇచ్చారు. ఈస్టర్‌కి ముందు వారం, మట్టలాదివారం పూజకి రమ్మంది, పూజ అయ్యాక మన మాట చెప్పాలి. చేరుస్తున్నామో లేదో.”

“ఊఁ.”

“ఊఁ అంటే?”

“ఆలోచిద్దాం.”

షెరీస్ కుళాయి కట్టేసింది. “రోలండ్, వద్దనుకుంటే వద్దని చెప్పు. నేనేం కొట్టను నిన్ను. నీ మనసులో ఉన్నది ప్రతిసారీ నేనే పార పెట్టి తవ్వి తీయాలా? మీ అమ్మ ఉన్నన్నాళ్లూ ఆవిణ్ని అడిగేదాన్ని, ‘అత్తయ్యా, మీవాడు ఇవాళ ఏమనుకుంటున్నాడు?’ అని. ఆవిడ పోయాక నాకు ఆ దారీ లేదు.”

“పిల్ల మాట్లాడటం లేదు,” అన్నాను.

“నాకు కనిపించట్లేదనుకున్నావా?” తడిచేతుల్తోనే కూర్చుంది. “కానీ పట్టాల అవతలి బడిలో దీని చదువు ఏమవుతుందో కూడా నాకు కనిపిస్తోంది. ఆ ఎర్రిటుకల బడిలో చదివే కదా నువ్వు ఇంతటివాడివయ్యావు. బాగానే ఉన్నావుగా?”

“బాగానే ఉన్నానా?”

నిజంగానే అడిగాను. తను నన్ను చాలాసేపు చూసింది, ఏదో కూర రుచి చూసి ఉప్పు సరిపోయిందో లేదో తేల్చుకుంటున్నట్టు. తర్వాత నవ్వింది. “బాగానే ఉన్నావు. నాకు నచ్చే చేసుకున్నాను. కానీ నీలాంటివాళ్లు ఇంటికి ఒక్కరు చాలు.”

ఈస్టర్‌కి ముందు ఉపవాసాల కాలమైన లెంట్ రోజుల్లో శుక్రవారం సాయంత్రం ఎర్రిటుకల బడి నేలమాళిగలో చేపలు వేయిస్తారు. మాంసం మానేసిన కేథలిక్కుల కోసం మొదలైంది. ఇప్పుడు తినేవాళ్లలో సగంమంది మా బాప్టిస్టులే. అత్తగారు చేతిసంచీలో తన కారం సీసా తనే తెచ్చుకుంటుంది. “వీళ్లు దేవుడికి భయపడతారు, మిరపకాయకి ఇంకా భయపడతారు,” అంటుంది. ఆ శుక్రవారం లైను మెట్ల దాకా పాకి గందరగోళంగా ఉంటే, ఆవిడ ఒక నిమిషం ఓర్చుకుని చూసింది. తర్వాత లేచి వెళ్లి, నడుం వెనక చెయ్యి పెట్టుకుని నిలబడి, వేళ్లతో సైగలు మొదలుపెట్టింది. ఎవరూ నేర్పకుండానే కేథలిక్కులు రెండు వరసలయ్యారు.

షెరీస్ క్యాబేజీ కోసం వెళ్లింది. బల్ల దగ్గర నేనూ ఒడెట్టూ ఉన్నాం. ఫాదర్ కీగన్ బల్లలు పట్టుకుంటూ మెల్లగా మా దగ్గరికి వచ్చాడు.

“రోలండ్.” నా పేరు బాగానే వచ్చింది. తర్వాత ఒడెట్ ఎదురుగా కూర్చున్నాడు. “నువ్వేనా... ఆ రోజు... నాకు చెప్పింది?”

ఒడెట్ తలూపింది.

“నాకు జబ్బు చేసినప్పటి నుంచి... నేను ఆగితే... అందరూ కిందికి చూస్తారు. మంచివాళ్లు. మర్యాద.” నవ్వాడు. నోటికి ఒక పక్కే నవ్వు. “నేను ఒక్కణ్నే... అవతల ఉండిపోతాను. నువ్వు అన్నప్పుడు... ఎవరో...”

ఆగిపోయాడు. గాలిలో ఆ మాట కోసం చెయ్యి తిప్పాడు. దొరకలేదు. ఒడెట్ చేపముక్క పట్టుకుని ఆయన్నే చూస్తోంది. పెదవులు బిగించింది.

“నోరు మూసుకోమన్నారుగా,” అంది చివరికి.

ఆయన ఏదో చెప్పబోయాడు. ఈసారి జబ్బు వల్ల ఆగాడో, చెప్పడానికి ఏమీ లేక ఆగాడో నాకు తెలియలేదు. బల్ల మీద మెల్లగా తట్టి, లేచి, ఇంకో బల్ల పట్టుకుని వెళ్లిపోయాడు. ఆయన వెళ్లేదాకా ఒడెట్ పెదవులు కదులుతూనే ఉన్నాయి, చప్పుడు లేకుండా.

ఇంటికొచ్చాక కూడా నాకు ఆ పెదవులే కళ్లలో మెదిలాయి. మౌనంగా ఉండే మనిషి లోపల కూడా మౌనంగా ఉంటాడని బయటివాళ్లు అనుకుంటారు. ఉండడు. చెప్పని మాటలు ఎక్కడికీ పోవు. నేను ఆ బడిని తప్పుపట్టలేను. నాకు పుస్తకం మీద ప్రేమ అక్కడే పుట్టింది. సిస్టర్ ఫిలోమినా తన మధ్యాహ్నం తిండిలో నాకు సగం పెట్టేది. గడియారం చప్పుడు వినగలగడం కూడా ఒక వరమే. కానీ ఆ క్లాసులో గడియారం కాకుండా ఇంకో చప్పుడు వినిపించి ఉంటే, అది నాదే అయి ఉంటే, ఏమై ఉండేదో నాకు ఎప్పటికీ తెలియదు. నా కూతురికి ఆ బడీ కావాలి, ఆ నోరూ కావాలి. రెండూ ఒక్క పిల్లకి ఎలా ఇస్తారో అడగడానికి ఎవరూ కనపడలేదు.

మట్టలాదివారం పొద్దున నలుగురం వెళ్లాం. మా చర్చి మొదలయ్యేది పదకొండింటికి కాబట్టి అత్తగారు తెల్ల గౌనులో, తొడుగులతో డ్యూటీకి సిద్ధంగా వచ్చింది. గుమ్మం దగ్గర ఇద్దరు ముగ్గురు ఆవిణ్ని చూసి నర్సమ్మ అనుకున్నారు. అందరి చేతుల్లోనూ పచ్చటి మట్టలు. చలి ఇంకా పోలేదు గానీ, గాలిలో ఎక్కడో మట్టి వాసన ఉంది.

ఆ రోజు సువార్త చాలా పొడుగు. క్రీస్తు శ్రమల కథంతా నిలబడే వింటారు. వంతులు వేసుకుని చదువుతారు: కథ ఒకరు, తీర్పు చెప్పే అధికారి పిలాతు మాటలు ఇంకొకరు, క్రీస్తు మాటలు ఫాదర్, జనం మాటలు జనం. జనం వంతు వచ్చేసరికి చర్చి మొత్తం చేతిలోని కాగితం చూస్తూ, “వాణ్ని సిలువ వెయ్యి! సిలువ వెయ్యి!” అని ఒక్క గొంతుతో చదివింది.

ఒడెట్ ఉలిక్కిపడి నా చెయ్యి లాగింది. “ఇక్కడ మాట్లాడకూడదన్నారుగా?” అని గుసగుసలాడింది.

“కాగితంలో రాసి ఉంది.”

“ఆ మాట రాశారా? నిదానంగా అని రాయలేదా?”

షెరీస్ కాగితం ముఖానికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు.

ఫాదర్ కీగన్ చాలాదూరం బాగానే వచ్చాడు. రాత్రంతా సాధన చేసి ఉంటాడు. సిలువ మీద క్రీస్తు కేక వేసే తొమ్మిదో గంట అయిందని కథ చెప్పే ఆయన చదివాడు. ఇక ఫాదర్ వంతు.

“నా దేవా,” అన్నాడు. “నా దేవా... నన్ను...”

అక్కడ ఆగిపోయాడు. ‘ఎందుకు విడిచిపెట్టావు’ అన్న మాట రావడం లేదు.

పుస్తకం అంచు పట్టుకున్న ఆయన వేళ్లు తెల్లబడ్డాయి. “నన్ను...” అన్నాడు మళ్లీ. ఒక్కొక్కరుగా, గాలికి వరిచేను వంగినట్టు, తలలు కిందికి వంగాయి. మిసెస్ బతీస్త్ తల వంగింది. పిలాతు వంగాడు. నా మెడ కూడా, ఎవరూ చెప్పకుండానే, తన పాత దారిన వంగబోయింది. అప్పుడు నాకు పక్కన ఒడెట్ కనిపించింది. అది తల దించలేదు. సూటిగా ఆయన్నే చూస్తోంది. నోరు తెరిచింది. మూసింది. ఎడంచేత్తో మట్ట పట్టుకుని, కుడిచేతి వేలు మెల్లగా ఎత్తి తన పెదవుల మీద తనే పెట్టుకుంది.

“నిదానంగా,” అన్నాను.

ఊపిరంత కూడా వినపడలేదు. అత్తగారి దాకా కూడా పోలేదు. ఒక్క ఒడెట్ తల తిప్పి నా వైపు చూసింది, గోడ మాట్లాడితే చూసినట్టు. వేలు పెదవుల మీద నుంచి కాస్త కిందికి జారింది.

నేను గొంతు సవరించుకున్నాను. తల ఎత్తి, ఆ చివర ఉన్న ఆయనకి వినపడేలా అన్నాను:

“నిదానంగా చెప్పండి, ఫాదర్. తొందరేం లేదు. మేం ఇక్కడే ఉన్నాం.”